మెంటార్‌తో ఓపెన్ సోర్స్: ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగారో, ఎలా కదలాలో

సంక్రాంతి సెలవులు అయిపోగానే అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల్లో రెండో ఏడాది, మూడో ఏడాది పిల్లల నుంచి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ గురించి ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. కోడ్ అందరికీ తెరిచి ఉండే (ఓపెన్ సోర్స్) సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో, దారి చూపే మెంటార్‌తో, స్టైపెండ్ తీసుకుంటూ పనిచేసే కార్యక్రమం అది. సమ్మర్ ఆఫ్ కోడ్‌కి అప్లై చేయాలి, ఏ ప్రాజెక్టు తీసుకోవాలి? బిల్డ్ (సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) కావడం లేదు, ఏం చేయాలి? మెసేజ్ పెట్టి పది రోజులైంది, మెంటార్ పలకడం లేదు, ఇంక వదిలేయాలా?

ఊరు చిన్నది కావడం వల్లో, ఇంగ్లీషు అంతంతమాత్రం కావడం వల్లో ఆగిపోయినవాళ్లు నాకు తక్కువగానే కనిపించారు. మెంటార్ పది నిమిషాల్లో చూసి జవాబు చెప్పగలిగేలా తమ పనిని ఆయన ముందు పెట్టకపోవడం వల్ల ఆగిపోయినవాళ్లే ఎక్కువ. కింద చెప్పిన చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

ముందు క్యాలెండర్ మనసులో పెట్టుకోండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలైంది. 2022 నుంచి విద్యార్థులే కానక్కర్లేదు, ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్లైతే చాలు, 18 ఏళ్లు నిండి ఉండాలి. ఆ ఏడు పాల్గొనే ఓపెన్ సోర్స్ సంస్థల జాబితా మామూలుగా ఫిబ్రవరిలో వస్తుంది. దరఖాస్తులు మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటి రోజుల దాకా. ఫలితాలు ఏప్రిల్ చివర గానీ మే మొదట్లో గానీ. అంటే జాబితా వచ్చాక మొదలుపెట్టినవాళ్లకు చేతిలో ఉండేది ఐదారు వారాలు. డిసెంబర్‌లో మొదలుపెడితే ఊపిరి తీసుకోవడానికి వీలుంటుంది.

సమస్య: ఏ ప్రాజెక్టు ఎంచుకోవాలో తేలడం లేదు

జాబితాలో పైథాన్ అని వెతికి, పేరున్న సంస్థలు పది ఏరుకుని, పదింటిలోనూ చేరి, దేనిలోనూ ఒక్క లైను రాయకుండా ఫిబ్రవరి గడిపేస్తారు. పేరు చూసి ఎంచుకోవడమే దీనికి కారణం.

మీరు నిజంగా వాడే సాఫ్ట్‌వేర్ నుంచి మొదలుపెట్టండి. ల్యాబ్‌లో ఆక్టేవ్ (లెక్కల సాఫ్ట్‌వేర్) వాడి ఉంటారు, రిపోర్టు లిబ్రేఆఫీస్‌లో చేసి ఉంటారు, తెలుగు వికీపీడియా చదివే ఉంటారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ మండలం తెరిచి చూడండి, మీ ఊరి పేరు తెలుగులో కనబడుతుందో లేదో. వాడేవాడికి తెలిసిన లోపం బయటివాడికి తెలియదు. తెలుగు రాసే, చదివే మనిషిగా మీకు కనబడే తప్పులు, అంటే ఒత్తులు విడిపోవడం, కర్సర్ అక్షరం మధ్యలో ఇరుక్కోవడం, తెలుగు మాట వెతికితే దొరకకపోవడం లాంటివి, జర్మనీలో కూర్చున్న డెవలపర్ కంట పడవు. ఇది మీకున్న బలం, వాడుకోండి.

ఎంచుకునే ముందు రెండు విషయాలు చూడండి. గత నెలలో ఆ రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) కొత్తవాళ్లు పంపిన మార్పులు ఎన్ని మెర్జ్ అయ్యాయి, అంటే అసలు కోడ్‌లో కలిశాయి? కొత్తవాళ్ల ప్రశ్నలకు ఎన్నాళ్లకు జవాబు వచ్చింది? రెండూ బాగుంటేనే దిగండి. ఒకటి, మహా అయితే రెండు ప్రాజెక్టులు చాలు. నిరుడు సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఉన్న సంస్థ ఈ ఏడు కూడా ఉంటుందన్న హామీ లేదు కాబట్టి ఆ రెండోది వేరే సంస్థదైతే మంచిది.

సమస్య: సోర్స్ కోడ్ దిగడం లేదు, దిగినా బిల్డ్ కావడం లేదు

ఎక్కువమంది మానేసేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. "బిల్డ్ కావడం లేదు" అన్న ఒక్క మాట వెనక మూడు నాలుగు వేర్వేరు జబ్బులు ఉంటాయి.

క్లోన్, అంటే గిట్ అనే టూల్‌తో రిపాజిటరీని దాని మార్పుల చరిత్రతో సహా దించుకోవడం, సగంలో తెగిపోతుంటే అది నెట్‌వర్క్ సంగతి. హాస్టల్ వైఫై లేదా ఫోన్ హాట్‌స్పాట్ మీద పెద్ద రిపాజిటరీ దించుతుంటే మధ్యలో సిగ్నల్ పోతుంది. గిట్ క్లోన్ ఆగిన చోట నుంచి మళ్లీ అందుకోదు, కథ మొదటికి వస్తుంది. చరిత్ర మొత్తం దించకుండా తాజా ప్రతి మాత్రమే తెచ్చుకోండి. క్లోన్ ఆదేశానికి డెప్త్ 1 అనే ఆప్షన్ ఇస్తే దిగే సైజు బాగా తగ్గిపోతుంది. పాత చరిత్ర కావలసి వచ్చినప్పుడు, ఏ తెల్లవారుజామునో నెట్ బాగున్నప్పుడు, ఫెచ్‌కి అన్‌షాలో ఆప్షన్ ఇచ్చి తెచ్చుకోవచ్చు.

ఇంట్లో క్లోన్ అవుతుంది, కాలేజీలో కనెక్షనే కుదరదు అంటే చాలాసార్లు కాలేజీ ఫైర్‌వాల్ ఎస్ఎస్‌హెచ్ (ఒక రకం సురక్షిత కనెక్షన్) వాడే 22వ పోర్టును మూసి ఉంటుంది. హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌తో క్లోన్ చేయండి. చాలా ప్రాజెక్టుల కోడ్ ఉండే సైటు గిట్‌హబ్ అయితే 443వ పోర్టు మీద కూడా ఎస్ఎస్‌హెచ్‌ని అందిస్తుంది, దాని సెట్టింగ్ గిట్‌హబ్ సహాయ పేజీల్లో ఉంది.

కంపైల్ చివరిదాకా వచ్చి "కిల్డ్" అన్న మాటతో ఆగిపోతే మీ కోడ్‌లో తప్పు వెతక్కండి. ర్యామ్ నిండిపోయి లినక్స్ ఆ ప్రాసెస్‌ని ఆపేసింది. 4 జీబీ, 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఎనిమిది కంపైలర్లు ఒకేసారి నడిస్తే, ముఖ్యంగా సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టుల్లో, జరిగేది అదే. బిల్డ్ నడిపే మేక్ టూల్‌కి ఇచ్చే జె సంఖ్యను (ఒకేసారి ఎన్ని పనులు నడవాలో చెప్పేది) 2కి తగ్గించండి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) పెంచండి, బ్రౌజర్ మూసేయండి. సీక్యాష్ (ఒకసారి కంపైల్ అయినదాన్ని దాచిపెట్టే టూల్) పెట్టుకుంటే రెండోసారి బిల్డ్ బాగా త్వరగా అవుతుంది. విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వాడేవాళ్లు దానికి ఎంత ర్యామ్ కేటాయించారో కూడా చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా మెషీన్ మోయలేకపోతే బరువైన ప్రాజెక్టుతో కుస్తీ పట్టకండి. గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్‌లో (బ్రౌజర్ నుంచి వాడే దూరపు మెషీన్‌లో) నెలకు కొన్ని గంటలు ఉచితంగా దొరుకుతాయి. లేదంటే పైథాన్, జావాస్క్రిప్ట్ లాంటి, కంపైల్ భారం లేని ప్రాజెక్టు తీసుకోండి. మీ ల్యాప్‌టాప్ ఎంత మోయగలదన్నది కూడా ప్రాజెక్టు ఎంపికలో భాగమే.

ఇంకొకటి: బిల్డ్ గైడ్‌లో రాసినట్టే చేసినా కుదరక, మీరే దారి కనుక్కున్నారనుకోండి. ఆ గైడ్‌ను సరిచేసి పంపండి. మీ తర్వాత వచ్చేవాళ్లందరికీ పనికొస్తుంది, మీ మొదటి కాంట్రిబ్యూషన్ కూడా అదే అవుతుంది.

సమస్య: మెంటార్ జవాబు ఇవ్వడం లేదు

పిల్లలు పంపిన మెసేజ్ చూపించమని అడిగితే నూటికి తొంభై ఇలా ఉంటాయి: "హలో సార్, నేను బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను, మీ ప్రాజెక్టు మీద ఆసక్తి ఉంది, దయచేసి గైడ్ చేయండి." మర్యాదగానే ఉంది. కానీ దీనికి ఏమని జవాబివ్వాలి? ఇందులో ప్రశ్న లేదు. మెంటార్లలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట, శనాదివారాల్లో ఈ పని చేసేవాళ్లు. ఫిబ్రవరిలో ఇలాంటి మెసేజ్‌లు గుట్టలుగా వచ్చి పడతాయి. జవాబు సులువుగా ఇవ్వగలిగిన వాటికి ముందు ఇస్తారు, మిగతావి అడుగున పడిపోతాయి.

మెసేజ్‌లో నాలుగు సంగతులుండాలి: ఏం చేయబోయారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఇప్పటికే ఏమేం ప్రయత్నించారు. ఉదాహరణకు: "లిబ్రేఆఫీస్ రైటర్‌లో లక్ష్మి అని టైప్ చేసి ఎడమ బాణం నొక్కాను. కర్సర్ అక్షరం మొత్తం దాటాలి, మధ్యలో ఆగింది. ఉబుంటులో ఇలా ఉంది, విండోస్‌లో బాగానే ఉంది. కర్సర్‌ని కదిలించే ఫంక్షన్ ఇదేనా, లేక ఇంకెక్కడైనా వెతకాలా?" దీనికి మెంటార్ ఒక్క లైనులో జవాబు చెప్పగలరు. ఇదే సంగతి చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి. వ్యాకరణం అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. మెంటార్లలోనే చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు.

ప్రైవేటుగా పంపకండి. అందరికీ కనబడే ఛానల్లో అడిగితే మెంటార్ లేకపోయినా ఇంకొకరు చెబుతారు, అదే ప్రశ్న ఉన్న మరో విద్యార్థి కూడా చదువుకుంటాడు. నలుగురిలో అడగడానికి మన పిల్లలకు బెరుకు ఎక్కువ. తప్పు ప్రశ్న అడిగితే నవ్వుతారేమోనని టెన్షన్. మంచి ప్రాజెక్టుల్లో అలా నవ్వరు. నవ్వే చోటైతే అక్కడ మూడు నెలలు పనిచేయాల్సిన అవసరం మీకు లేదు.

"సార్", "మేడమ్" అక్కర్లేదు. గురువుని పేరుపెట్టి పిలవడం మనకు ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. కానీ అక్కడ యాభై ఏళ్ల మనిషినైనా పేరుతోనే పలకరిస్తారు, అదే మర్యాద. పైగా అవతలివాళ్లు ఆడో మగో తెలియకుండా సార్ అనడం కొందరిని నొప్పిస్తుంది.

వేళ కూడా చూసుకోండి. జర్మనీ మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. మన రాత్రి తొమ్మిది అక్కడ సాయంత్రం. అమెరికా పడమటి తీరంలో అప్పుడే తెల్లవారి ఉంటుంది. ఐఆర్‌సీ అనే పాతకాలం చాట్‌లో ప్రశ్న వేసి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతే ఆ తర్వాత వచ్చిన జవాబు మీకు కనబడదు. మ్యాట్రిక్స్, జూలిప్ లాంటి కొత్త చాట్‌లలో ఆ ఇబ్బంది లేదు. వారం రోజులు చూసి, అదే థ్రెడ్‌లో మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. ఈలోగా మీరు కొత్తగా కనుక్కున్నదేమైనా ఉంటే కలపండి. అప్పటికీ మౌనమే అయితే ఆ ప్రాజెక్టుకు ఈ ఏడు మెంటార్ చేసే తీరిక లేదని అర్థం చేసుకుని రెండోదానికి మారండి.

సమస్య: కొత్తవాళ్ల ఇష్యూలన్నీ ఎవరో ఒకరు పట్టేసుకున్నారు

ఇష్యూ అంటే ప్రాజెక్టులో నమోదైన లోపం లేదా పని. కొత్తవాళ్లకు తగినవని "గుడ్ ఫస్ట్ ఇష్యూ" గుర్తు పెట్టినవాటి చుట్టూ దరఖాస్తుల కాలంలో జనం మూగుతారు. నాకు అసైన్ చేయండి అని కామెంట్ పెట్టి ఎదురుచూడటంలో లాభం లేదు. ఆ గుర్తు లేని చిన్న బగ్ వెతకండి, లేదా పాత ఇష్యూ ఒకటి తీసుకుని ఇప్పటి వెర్షన్‌లోనూ ఆ లోపం ఉందో లేదో పరీక్షించి రాయండి. ఆ పని చేసేవాళ్లు తక్కువ, మెయింటైనర్లకు (ప్రాజెక్టును నడిపేవాళ్లకు) దాని విలువ తెలుసు.

రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్లో) ఒక కామా మార్చి పంపే పని మాత్రం చేయకండి. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ (ఆ నెలలో కొన్ని మార్పులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే కార్యక్రమం) టీషర్టుల కోసం ఇలాంటివి వేలకొద్దీ వచ్చిపడి మెయింటైనర్లు విసిగిపోయారు. ఇష్టపడి చేరిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేలా అప్పుడే నిబంధన మార్చాల్సి వచ్చింది.

సమస్య: పుల్ రిక్వెస్ట్ పెట్టగానే ఎర్ర గుర్తులు, తర్వాత ఇరవై సవరణలు

పుల్ రిక్వెస్ట్ అంటే మీ మార్పును కలుపుకోమని పంపే అభ్యర్థన, ఎర్ర గుర్తు అంటే దాని మీద నడిచే ఆటోమేటిక్ పరీక్ష ఫెయిలైందని. ఎర్ర గుర్తు వచ్చిన చోట లాగ్ తెరిచి మొదటి ఎర్రర్ చదవండి, చివరిది కాదు. చాలావరకు ఫార్మాటింగ్ తేడా, లేదా కమిట్‌లో (గిట్‌లో నమోదు చేసిన మార్పులో) సైన్డ్ ఆఫ్ బై లైను, అంటే ఈ కోడ్ పంపే హక్కు నాకుందని చెప్పే సంతకం, లేకపోవడం. కమిట్ ఆదేశానికి చిన్న ఎస్ (-s) ఆప్షన్ ఇస్తే ఆ లైను దానంతటదే చేరుతుంది. సవరణలు అడిగితే పాతది మూసేసి కొత్త పుల్ రిక్వెస్ట్ తెరవకండి, జరిగిన చర్చ అంతా దూరమైపోతుంది. అదే బ్రాంచ్‌ని రీబేస్ చేసి (మీ మార్పులను తాజా కోడ్ మీదకు తెచ్చి), ఫోర్స్ విత్ లీజ్ ఆప్షన్‌తో (వేరొకరి పని చెరిగిపోకుండా పాత ప్రతిని మార్చేది) పుష్ చేయండి. ఇరవై సవరణలు అడిగారంటే మీ కోడ్‌ని ఒక మనిషి లైను లైనూ చదివారని అర్థం. అలాంటి రివ్యూ దొరకడం అదృష్టం.

సమస్య: ప్రపోజల్ పంపాను, ఎంపిక కాలేదు

చాలా ప్రపోజల్స్ (చేయబోయే పని ప్రణాళికలు) సంస్థ పెట్టిన ఐడియా పేజీలోని మాటలనే తిప్పి రాస్తాయి. "మొదటి వారం: కోడ్‌బేస్ అర్థం చేసుకోవడం, రెండో వారం: డిజైన్" అని ఉంటే మీరు ఇంకా లోపలికి దిగలేదని మెంటార్‌కి తెలిసిపోతుంది. ఏ ఫైల్లో ఏం మారుతుంది, ఏ టెస్టు రాస్తారు, ఏ వారం చివర ఏది మెర్జ్ కావడానికి సిద్ధంగా ఉంటుంది అన్నది కనబడాలి. మీ పాత పుల్ రిక్వెస్ట్‌ల లింకులు మొదటి పేజీలోనే పెట్టండి. గడువుకి రెండు వారాల ముందే డ్రాఫ్ట్ చూపించండి. చివరి రోజు చూపిస్తే చదివే తీరిక ఎవరికీ ఉండదు.

గంటల లెక్క నిజాయితీగా వేయండి. ప్రాజెక్టులు 90, 175, 350 గంటల సైజుల్లో ఉంటాయి. 350 గంటలు పన్నెండు వారాల్లో అంటే వారానికి సుమారు 29 గంటలు. సెమిస్టర్ పరీక్షలు ఆ మధ్యలో పడితే దాచకండి, ఆ వారాలు ఖాళీగా చూపించండి. మెంటార్ ఒప్పుకుంటే కాలాన్ని 22 వారాల దాకా పొడిగించుకునే వీలుంది. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం ఎండకి ల్యాప్‌టాప్ కూడా వేడెక్కి నెమ్మదిస్తుంది, కరెంటు పోవడమూ ఉంటుంది. తెల్లవారి, రాత్రి వేళలే మీ పని గంటలని లెక్క వేసుకోండి.

ఏఐతో రాయించి పంపిన ప్రపోజల్‌ని రోజూ అవే చదివే మెంటార్లు పట్టేస్తారు. కోడ్ విషయంలో ఇంకా గట్టిగా ఉండే ప్రాజెక్టులున్నాయి. జెంటూ, నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులు 2024లోనే ఏఐ రాసిన కోడ్‌కి అడ్డుకట్ట వేశాయి. మీ ప్రాజెక్టు నియమం ఏమిటో ముందే చదవండి.

సమస్య: "సెలెక్షన్ ఇప్పిస్తాం" అని ఫీజు అడుగుతున్నారు

కట్టకండి. సమ్మర్ ఆఫ్ కోడ్‌కి గానీ అవుట్‌రీచీకి (ఇలాంటిదే ఇంకో కార్యక్రమం) గానీ దరఖాస్తు ఫీజు లేదు, మధ్యవర్తులూ లేరు. డబ్బు వాళ్లే మీకిస్తారు.

ఎంపిక కాకపోతే

ప్రతి సంస్థకూ గూగుల్ ఇచ్చే స్లాట్లు పరిమితం, మంచి ప్రపోజల్స్ కూడా మిగిలిపోతాయి. లోపం ఎక్కడుందో మెంటార్‌ని అడగండి, చాలామంది చెబుతారు. సగంలో ఉన్న పుల్ రిక్వెస్ట్‌ని జూన్‌లో పూర్తి చేయండి. ఫలితాలు వచ్చాక కూడా మిగిలి ఉన్నవాళ్ల పేర్లు మెయింటైనర్లకు గుర్తుంటాయి. లినక్స్ ఫౌండేషన్ ఎల్ఎఫ్ఎక్స్ మెంటార్‌షిప్‌లో క్లౌడ్ నేటివ్ (క్లౌడ్ సర్వర్ల మీద నడిచేలా కట్టిన) ప్రాజెక్టులకు ఏడాదికి మూడు విడతలున్నాయి, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా నడిచే విడత మీకు అందుబాటులోనే ఉంటుంది. అవుట్‌రీచీ ఏడాదికి రెండుసార్లు, 7,000 డాలర్ల స్టైపెండ్‌తో నడుస్తుంది. టెక్ రంగంలో వివక్షను, ప్రాతినిధ్య లోపాన్ని ఎదుర్కొంటున్నవాళ్ల కోసం పెట్టిన కార్యక్రమం అది. కాలేజీ షెడ్యూల్ చూసి అర్హత తేలుస్తారు కాబట్టి మీ అకడమిక్ క్యాలెండర్‌ని దగ్గర పెట్టుకునే ఫారం నింపండి.