గోడకు డ్రిల్ పెట్టే ముందు డీబీ చదవండి

బెంగళూరులో చిన్న పనికి ఎలక్ట్రీషియన్ దొరకడం కష్టం. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందనో, స్విచ్ పట్టేసిందనో ఫోన్ చేస్తే "రేపొస్తా సార్" అంటాడు, ఆ రేపు వచ్చే ఆదివారానికి కూడా రాదు. అందుకని ఇలాంటివి మనమే చేసుకోవడం మంచిదే. కాకపోతే చాలామంది స్క్రూడ్రైవర్‌తో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దగ్గర. తలుపు వెనకో, షూ ర్యాక్ పైనో ఉండే ఆ పెట్టెలో ఏ ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) ఏ గదికి వెళ్తోందో తెలియనంత వరకు ఇంకే పనీ ముట్టుకోకండి.

ఇదేమంత పెద్ద పని కాదు, ఒక పూట చాలు, తోడుగా ఇంకో మనిషి కావాలి అంతే. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి, ప్లగ్ పాయింట్లు చూడ్డానికి ఒక టేబుల్ ల్యాంపు దగ్గర పెట్టుకుని, ఒక్కో ఎంసీబీ దించుతూ ఏది ఆగిందో కేకేసి చెప్పించుకోండి. అంతా కాగితం మీద రాసి డీబీ తలుపు లోపల అంటించండి. బిల్డర్ వేసిన స్టిక్కర్లను మాత్రం నమ్మొద్దు, హాల్ అని రాసిన దాని మీద వంటింటి చిమ్నీ నడుస్తూ ఉండొచ్చు. ప్రతి ఎంసీబీ మీద సీ10, సీ16 అని ఉండే అంకె కూడా రాసిపెట్టుకోండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

ఇక అసలు చిక్కు యూపీఎస్, అంటే ఇన్వర్టర్. ఈ ఊళ్లో వాన నాలుగు చినుకులు పడితే కరెంటు పోతుంది కాబట్టి చాలా ఇళ్లలో అది ఉంటుంది. మీరు మెయిన్ దించితే యూపీఎస్ దాన్ని కరెంటు పోవడం కిందే లెక్కేసుకుని, తన లైన్లలోకి బ్యాటరీ నుంచి 230 వోల్టులు పంపిస్తూ ఉంటుంది. మెయిన్ ఆపాను కదా అని ధైర్యంగా ఫ్యాను విప్పేవాళ్లకు షాక్ కొట్టేది ఇక్కడే. పోనీ యూపీఎస్ బటన్ ఒక్కటే ఆపితే సరిపోతుందా అంటే, చాలా మోడళ్లలో అప్పుడు బయటి కరెంటు దాని గుండా నేరుగా ఇంట్లోకి వచ్చేస్తుంది. కాబట్టి మెయినూ దించాలి, యూపీఎసూ ఆపాలి, రెండూ. మేడ మీద సోలార్ హీటర్ ఉంటే దాని బ్యాకప్ కాయిల్‌కి విడిగా ఎక్కడో స్విచ్ ఉంటుంది, అదీ వెతికి ఆ కాగితంలోకి ఎక్కించండి.

ఆపిన తర్వాత నిజంగా ఆగిందో లేదో చూడాలి. పనిచేస్తున్న ప్లగ్‌లో ముందు టెస్టర్ పెట్టి అది వెలుగుతోందని తేల్చుకుని, తర్వాత మీరు విప్పబోయే బోర్డులో పెట్టి, మళ్లీ ఒకసారి పనిచేసే ప్లగ్‌లో చూడండి (మెయిన్ దించినప్పుడు పక్కింటి ప్లగ్ అయినా సరే). మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉంటే ఇలా తప్ప తెలియదు. నియాన్ టెస్టర్ కంటే మల్టీమీటర్ నయం, కానీ దాన్ని ఏసీ వోల్టేజీ మీద పెట్టి, ఎర్ర వైరు వోల్టుల రంధ్రంలోనే ఉందని రెండుసార్లు చూసుకోండి. అది 10ఏ రంధ్రంలో ఉండగా ప్లగ్‌లో పెడితే నేరుగా షార్టే, చేతిలోనే పేలుతుంది. ఇంకో మాట, దించిన ఎంసీబీ మీద టేపు వేయండి. లేకపోతే టీవీ రావట్లేదని ఇంట్లోంచి ఎవరో ఒకరు వచ్చి దాన్ని పైకెత్తేస్తారు.

ఇవన్నీ అయ్యాక స్విచ్ మార్చడం నిజంగానే సులువు. విప్పే ముందు ఫోన్‌తో రెండు ఫొటోలు తీయండి, ఎందుకంటే ఫేజ్ (కరెంటు తెచ్చే) వైరు ఒక స్విచ్ నుంచి ఇంకోదానికి లూప్ అవుతూ వెళ్తుంది, ఒకటి వదిలేస్తే పక్క నాలుగు లైట్లు రావు. స్విచ్ ఆపాల్సింది ఫేజ్‌ని, న్యూట్రల్‌ని (కరెంటు తిరిగి వెళ్లే వైరుని) కాదు. బిగించాక ప్రతి వైరునూ ఒకసారి లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే చాలాసార్లు పోయింది కండెన్సరే, పాత దాని మీద 2.5 అని ఉంటే 2.5 మైక్రోఫారడ్‌దే తీసుకోండి, స్పీడు వస్తుందని పెద్దది వేయొద్దు. కరెంటు ఆపినా అందులో కాస్త ఛార్జి మిగిలి ఉంటుంది కాబట్టి పిడి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కొసలు కలిపి వదలండి. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యానుకు ఇది వర్తించదు, దాన్ని విప్పకుండా కంపెనీ వాళ్లకే వదిలేయండి.

ఆర్‌సీసీబీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మనలో చాలామందికి దానికీ ఎంసీబీకీ తేడా తెలియదు. ఎంసీబీ కాపాడేది వైరుని, ఆర్‌సీసీబీ కాపాడేది మనిషిని. ఇళ్లలో వాడే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా ఎక్కడో లీకైతే వెంటనే పడిపోతుంది. దాని మీద టీ అనే బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, పడకపోతే మార్పించేయాల్సిందే. అది ఊరికే పడిపోతుంటే కొందరు "ఏం కాదు సార్" అంటూ దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేస్తారు. అలాంటివాణ్ని మళ్లీ ఇంటికి పిలవొద్దు.

ఎందుకు పడుతోందో మీరే కనిపెట్టొచ్చు. అన్ని ఎంసీబీలు దించి ఆర్‌సీసీబీ ఎత్తండి, నిలబడితే ఒక్కొక్కటే ఎత్తుతూ పోండి, దేన్ని ఎత్తినప్పుడు పడిందో దోషం ఆ లైన్లో ఉంది. ఆ లైన్ మీది ప్లగ్‌లన్నీ పీకి మళ్లీ చూస్తే వస్తువుదో వైరింగ్‌దో తేలుతుంది. బోర్ నీళ్లు వాడే ఇళ్లలో మొదట అనుమానించాల్సింది గీజర్‌ని, ఉప్పు పేరుకుని కాయిల్ చిట్లి లీకేజీ మొదలవుతుంది. వానాకాలంలో మాత్రమే పడుతుంటే బాల్కనీ లైటో గేటు లైటో చూడండి. అన్నీ దించినా నిలబడకపోతే అది న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కి తగలడం కావచ్చు, ఎందుకంటే మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ని తెంచదు. అప్పుడు వస్తువుల ప్లగ్‌లన్నీ పీకి ఒకసారి చూసి, అప్పటికీ నిలబడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కొత్తగా యూపీఎస్ పెట్టించాక మొదలైన గొడవైతే యూపీఎస్ న్యూట్రల్‌ని ఇంటి న్యూట్రల్‌తో కలిపేశారేమో అడగండి, ఆ పొరపాటు చాలా ఇళ్లలో ఉంటుంది.

ఇందాక రాసిపెట్టుకోమన్న అంకె ఇప్పుడు కావాలి. ఎంసీబీ పడిపోతోందని 10 యాంపులది తీసి 32ది వేయిస్తే ఇక పడదు, నిజమే, బదులుగా గోడలోని వైరు వేడెక్కి కాలుతుంది. లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పవర్ ప్లగ్‌లకు 2.5, ఏసీ, గీజర్ లాంటివాటికి 4 అనేది మన దగ్గర ఎక్కువగా నడిచే లెక్క. 2000 వాట్ల గీజర్ సుమారు 8.7 యాంపులు లాగుతుంది, ఇండక్షన్ స్టవ్ కూడా అంతే. ఇలాంటివాటిని కన్వర్షన్ ప్లగ్ పెట్టి 6 యాంపుల సాకెట్లో నడపడం మానేయండి, పెద్ద పిన్నులది 16 యాంపుల సాకెట్లోనే ఉండాలి. సాకెట్ గోధుమ రంగులోకి తిరిగిందంటే లోపల స్క్రూ వదులైంది, వైరు కొస కాలిందంటే అక్కడికి కత్తిరించి కొత్త సాకెట్‌లో బిగించాలి.

డ్రిల్ విషయానికొస్తే, గోడలో దాచిన వైర్ల పైపులు ఎక్కువగా స్విచ్‌బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకి, లేదా అదే ఎత్తులో పక్కకు వెళ్తాయి. ఆ రెండు వరుసల్లో ఫొటో ఫ్రేముకు కూడా రంధ్రం పెట్టొద్దు. బాత్రూమ్ గోడకు అవతలి వైపు అయితే నీళ్ల పైపు సంగతి చూసుకోండి. కొత్త ఎత్తైన అపార్ట్‌మెంట్లలో చాలావాటిని మైవాన్ పద్ధతిలో కడుతున్నారు, అంటే గోడలన్నీ ఇనుము వేసిన కాంక్రీటే. అక్కడ మామూలు డ్రిల్ బిట్ అరిగిపోతుంది, హ్యామర్ డ్రిల్ కావాలి, కొత్త వైరింగ్ కోసం గాడి కొట్టడం మాత్రం కుదరదు, కొట్టకూడదు కూడా. కొత్త పాయింట్ కావాలంటే గోడ పైనుంచి కేసింగ్ (వైరు దాచే ప్లాస్టిక్ పట్టీ) వేసుకోవడమో, ఫాల్స్ సీలింగ్‌లో తీసుకెళ్లడమో. ఇటుక, కాంక్రీట్ బ్లాకుల ఇళ్లలో గాడి కొట్టొచ్చు, నిలువుగానే. అడ్డంగా పొడుగు గాడి గోడ బలం తీస్తుంది. పూడ్చేటప్పుడు మీద చికెన్ మెష్ (సన్నని ఇనుప వల) వేయించండి, లేకపోతే సరిగ్గా ఆ గీత వెంటే గోడ పగులుతుంది.

పెద్దగా రిపేర్లు పెట్టుకుంటే వరుస తప్పొద్దు: గాడి, పైపు, సిమెంటు పూత, అది ఆరాక వైరు లాగడం, తర్వాత లప్పం, ప్రైమర్, మొదటి కోటు, ఆపైన స్విచ్ ప్లేట్లు, చివరి కోటు. పూత వేయకముందే కొలత టేపు ఆనించి ప్రతి గోడనూ వీడియో తీసి పెట్టుకుంటే ఇంకో పదేళ్లు పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కి ముందే రాసిచ్చి, ఏ వేళల్లో డ్రిల్ వాడనిస్తారో అడగండి. సామాన్లకు చిక్‌పేట మెట్రో దిగి బీవీకే అయ్యంగార్ రోడ్డుకు వెళ్లండి, మొత్తం ఎలక్ట్రికల్ దుకాణాలే. పాత స్విచ్ ఒకటి చేత్తో తీసుకెళ్లండి, ఒక కంపెనీ మాడ్యులర్ స్విచ్ ఇంకో కంపెనీ ప్లేటులో కూర్చోదు. వైరు కాయిల్ మామూలుగా 90 మీటర్లు వస్తుంది, ఐఎస్ఐ గుర్తు, బిల్లు రెండూ చూడండి, సగం ధరకి ఇస్తానన్నాడంటే అది డూప్లికేట్ అని అర్థం.

మీటరు, దానికి ముందున్న వైర్లు మీవి కావు, సీలు ముట్టుకోవద్దు. అక్కడ కాలిన వాసన వస్తే 1912కి ఫోన్ చేస్తే బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) వాళ్లు చూస్తారు. డీబీ మార్చడం, ఎర్త్ గుంత, కొత్త లైన్ లాగడం లైసెన్స్ ఉన్నవాళ్లకే ఇవ్వండి. రెండో ఏసీయో, కారు ఛార్జరో అనుకుంటుంటే కొనకముందే కరెంటు బిల్లు తీసి శాంక్షన్డ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన లోడ్) ఎన్ని కిలోవాట్లు ఉందో చూడండి, 3 కిలోవాట్ల ఇంట్లో గీజరూ ఏసీ కలిపి వేస్తేనే అది దాటిపోతుంది. అప్పుడు ముందు లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టి, అది మంజూరయ్యాకే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి.