ఒంటరి బ్లాక్ మెటల్ ఆల్బమ్, 5వ పాఠం: హోరులో స్వరం నిలవాలి

ఒక్కరే కూర్చుని బ్లాక్ మెటల్ (హోరెత్తే, చీకటి నిండిన గిటార్ సంగీతం) ఆల్బమ్ చేయడం నేర్పే ఈ వరసలో, ఈ పాఠంలో డ్రమ్స్ చెబుతానని మాట ఇచ్చాను. అనుకున్నంతగా చెప్పలేను. నాలుగో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన రికార్డింగులు అన్నీ విన్నాను, కొన్నింటిని రెండుసార్లు. ఫజ్ పెడల్‌ను (గిటార్ శబ్దాన్ని మొరటుగా మార్చే పెట్టెను) పూర్తిగా తిప్పి, ఎ మైనర్ కార్డును (ఎ, సి, ఇ స్వరాలను కలిపి) ఎడతెగని ట్రెమొలోగా, అంటే వేగంగా మీటుతూనే, వాయించమన్నాను. మీరందరూ శ్రద్ధగా వాయించారు. వచ్చింది మాత్రం పిండిమర చప్పుడు. అందులో కార్డు ఎక్కడుందో తెలియదు. దిగులు అసలే లేదు.

తప్పు మీది కాదు. పెడల్‌ను ఎంత తిప్పాలో చెప్పాను గానీ, దానిలోకి ఒకేసారి ఎన్ని స్వరాలు పంపవచ్చో చెప్పలేదు. అది సరిచేయకుండా డ్రమ్స్ మీదికి వెళితే, పునాది లేని గోడకు సున్నం వేసినట్టు అవుతుంది.

ఫజ్ పెడల్ రెండు స్వరాలను విడివిడిగా తీసుకుని ఒక్కొక్కదాన్నీ మొరటుగా మార్చదు. రెండూ కలిసిన తరంగాన్ని ఒకే ముద్దగా తీసుకుని, దాని శిఖరాలను కోసేస్తుంది. ఆ కోతలో మీరు వాయించని కొత్త స్వరాలు పుడతాయి. ఎలాంటివో లెక్క వేసి చూద్దాం. నాలుగో తీగ ఏడో ఫ్రెట్‌లో ఎ స్వరం 220 హెర్ట్జ్. మూడో తీగ ఐదో ఫ్రెట్‌లో సి స్వరం 261.6. కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఇవి షడ్జమం, సాధారణ గాంధారం. రెండింటి తేడా 41.6. అది అడుగున ఎక్కడో ఇంజన్‌లా గురగురలాడుతుంది. 220ని రెట్టించి 261.6 తీసేస్తే 178.4. ఇది ఎఫ్ కాదు (174.6), ఎఫ్ షార్ప్ కాదు (185). 261.6ను రెట్టించి 220 తీసేస్తే 303.2. ఇదీ అంతే, డి స్వరానికీ దాని పై స్వరానికీ నడుమ వేలాడుతుంది. మీ కార్డు చుట్టూ శ్రుతి లేని స్వరాల గుంపు చేరింది. మూడో స్వరంగా ఇ కూడా కలిపి వాయించారు కాబట్టి ఆ గుంపు ఇంకా పెరిగింది. మీకు వినిపించిన పిండిమర అదే.

ఇప్పుడు గాంధారం వదిలేసి, షడ్జమ పంచమాలు మాత్రమే వాయించండి: 220, 329.6. తేడా 109.6, అంటే దాదాపు కింది షడ్జమమే. మిగిలిన రెండు లెక్కలు వేస్తే 110.4, 439.2 వస్తాయి. అవీ షడ్జమాలే. పుట్టిన ప్రతి స్వరం ఇంటికే చేరింది. గిటార్ వాద్యకారులు పవర్ కార్డు అని పిలిచే ఈ జోడీని ఎంత వక్రీకరించినా అది గట్టిగా నిలబడేది ఇందుకే. అయితే ఆ గట్టిదనం మనకు పనికిరాదు. మనకు కావలసిన దిగులంతా ఆ సాధారణ గాంధారంలోనే ఉంది.

దారి ఒకటే. రెండు స్వరాలనూ ఒకే పెడల్‌లోకి పంపకండి. మొదటి ట్రాకులో (ట్రాకు అంటే విడిగా రికార్డయ్యే ఒక వరస) కింది స్వరాన్ని ఒంటి తీగ మీద ట్రెమొలోగా వాయించి రికార్డు చేయండి. రెండో ట్రాకులో పై స్వరాన్ని అలాగే చేయండి. ప్రతి స్వరం తనంతట తాను పెడల్ గుండా వెళ్ళింది కాబట్టి ఒకదానితో ఒకటి తలపడదు. తర్వాత కలిపినప్పుడు అవి పక్కపక్కన నిలుస్తాయంతే. ఫజ్ ఎంత భీకరంగా ఉన్నా కార్డు చెక్కుచెదరదు. కానీ కలిపిన మొత్తం మీద మళ్ళీ డిస్టార్షన్ వేయకండి, మాస్టర్ మీటరు ఎరుపులోకి వెళ్ళనివ్వకండి. వెళితే మొదటికే వచ్చారు.

ఇక్కడ నా అలవాటు ఒకటి. కింది స్వరాన్ని రెండుసార్లు వాయిస్తాను. రెండోసారికి ముందు తీగను వెంట్రుకవాసి పైకి బిగిస్తాను. ఒకటి 220, మరొకటి 221 అయితే సెకనుకు ఒకసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. అది ఈదర గాలి తెరలు తెరలుగా వీచినట్టు ఉంటుంది. దీనికోసం ఏ ఎఫెక్టూ కొనక్కరలేదు. ట్రాకులన్నీ మోనోలో, నడిమధ్యనే ఉంచుతాను. ఎడమకూ కుడికీ విశాలంగా పరిచిన బ్లాక్ మెటల్ నాకు హాలులో కూర్చుని విన్నట్టు ఉంటుంది. నాకు కావలసింది కిటికీ లేని గది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన విషయం. కొందరు గిటార్‌ను శుభ్రంగా, ఖరీదైన సాఫ్ట్‌వేర్ యాంపుతో రికార్డు చేసి, చివర్లో దాని మీద క్యాసెట్ హిస్ శబ్దాన్ని (టేపు వెనక సన్నగా వినిపించే రొదను) ఒక పొరలా అతికించి, పైస్థాయిలు కోసేసి పంపారు. వినగానే తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటు ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్ళే చేస్తారు.

ఫజ్‌లో పుట్టే హిస్ కదులుతుంది. మీరు తీగను మీటుతున్నంతసేపూ స్వరం దాన్ని అణచివేస్తుంది. చేయి ఆపగానే అది గదిలోకి నీరు చేరినట్టు పైకి లేస్తుంది. మళ్ళీ మీటితే దిగుతుంది. పెడల్ పెద్ద శబ్దాన్ని కోసి, చిన్న శబ్దాన్ని పెంచడం వల్ల జరిగేది ఇది. వాయించేవాడి చేతికీ ఆ రొదకూ మధ్య ఒక బంధం ఉంటుంది. అతికించిన హిస్ కదలదు. మీరు వాయించినా, ఆపినా, ఏడ్చినా దానికి ఒకటే. చెవి ఈ తేడాను మాటల్లో చెప్పలేకపోయినా వెంటనే పట్టుకుంటుంది.

రెండో కారణం. నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద పని చేసేవాళ్ళు రొద కోసం రొద చేయలేదు. ఉన్నవి నాలుగే ట్రాకులు. మూడు నిండాక వాటిని నాలుగో దానిలోకి కలిపి, ఆ మూడింటినీ చెరిపి మళ్ళీ వాడుకునేవారు. అలా కలిపిన ప్రతిసారీ టేపు హిస్ ఒక వరస పెరిగేది, పైస్థాయిలు కొంచెం అరిగేవి. ముందు రికార్డు చేసింది దూరంగా, తర్వాతది దగ్గరగా వినిపించేది. ఆ మసకలో ముందూ వెనకా ఉన్నాయి. మొత్తం మీద ఒకే పొర కప్పితే ఆ లోతు రాదు.

నార్వే బ్లాక్ మెటల్ బృందం డార్క్‌థ్రోన్‌కు చెందిన ఫెన్రిజ్ 1994లో వెలువడిన ట్రాన్సిల్వేనియన్ హంగర్ ఆల్బమ్‌లో గిటార్, బేస్, డ్రమ్స్ అన్నీ తానే వాయించి నాలుగు ట్రాకుల యంత్రం మీద రికార్డు చేశాడు. గొంతు మాత్రం అదే బృందంలోని నొక్టూర్నో కల్టోది. ఆ ఆల్బమ్‌లో హోరు ఎంతున్నా గిటార్ పంక్తిని మీరు ఈలగా వేయగలరు. ఒకసారి ప్రయత్నించండి. తర్వాత మీ రికార్డింగును ఈల వేయడానికి ప్రయత్నించండి. నేను చెప్పేదంతా ఆ తేడా గురించే.

బర్జుమ్ అనే ఏకవ్యక్తి ప్రాజెక్టు పేరుతో వచ్చిన ఫిలోసోఫెమ్ ఆల్బమ్ 1993 మార్చిలో రికార్డయి 1996లో వెలువడింది. గిటార్ యాంపు బదులు ఇంట్లోని స్టీరియో యాంపునూ పాత ఫజ్ పెడళ్లనూ వాడారు. గొంతుకు, దొరికిన మైకుల్లో అతి నాసిరకం కావాలని హెడ్‌సెట్ మైకు తీసుకున్నారు. దీన్ని వాయించిన వర్గ్ వికెర్నెస్ 1993లో తోటి సంగీతకారుడిని హత్య చేశాడు, చర్చిలు తగలబెట్టాడు, 1994లో 21 ఏళ్ల శిక్ష పడింది. అతని భావాలు నాకు అసహ్యం, ఈ పాఠాల్లో వాటికి చోటు లేదు. మైకు సంగతి మాత్రం నేర్చుకోదగినది: నాసిరకం మైకును ముందే ఎంచుకున్నాడు, చివర్లో పూతగా వేయలేదు. చెడ్డ మైకు ముందు మనిషి వేరేలా అరుస్తాడు. తన గొంతు చెవుల్లోకి చీలికలై తిరిగి వస్తుంటే ఊపిరి మారుతుంది, మాటల నడుమ ఖాళీ మారుతుంది. శుభ్రమైన మైకు ముందు అరిచి తర్వాత చెడగొడితే ఆ మార్పు జరగదు.

కాబట్టి మొరటుదనం మొదటి తీగ మీటకముందే నిర్ణయం కావాలి. చిన్న స్పీకరున్న యాంపు, దాని ముందు పాత ఫోను మైకు, ఇవి చాలు. హెడ్‌ఫోనుల్లో ఆ చెడ్డ శబ్దాన్నే వింటూ వాయించండి.

ఒక ప్రశ్న పదే పదే వచ్చింది: మంచు ఎరుగని ఊరిలో, ఉక్కపోతలో కూర్చుని ఈ చలిని ఎలా తేవాలని. జాస్తర్ అనే ఏకవ్యక్తి ప్రాజెక్టు కాలిఫోర్నియాలోని అల్హంబ్రా నుంచి వచ్చింది. లాస్ ఏంజెలెస్ పక్కనే, ఎండలు కాసే ఊరు. కీబోర్డు స్వరాలను రివర్బ్‌లో (పెద్ద గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వనిలో) నానబెట్టి, గిటార్లను వాటి వెనక్కి నెట్టి ఆ శూన్యం సాధించాడు. అక్కడ ఉన్నది మంచు కాదు, తలుపు వేసుకున్న గది. స్విట్జర్లాండ్‌లో పైసాజ్ డివేర్ పేరుతో వింటర్ అనే సంగీతకారుడు చేసేది మాత్రం అచ్చంగా మంచు తుఫానే. 2020లో వచ్చిన ఇమ్ వాల్డ్ ఆల్బమ్ రెండు గంటలు నడుస్తుంది. ఆ తుఫానులో కూడా కింద పాట నడుస్తూనే ఉంటుంది. మొదట వినబడదు. పది నిమిషాలకు చెవి అలవాటు పడి, అడుగుజాడలా కనిపిస్తుంది. మీరు ఏ గదిలో ఉన్నారో ఆ గది గురించే చేయండి. మీకు మధ్యాహ్నం రెండు గంటలకు రేకుల కప్పు కింద ఒంటరితనం తెలిస్తే అదే మీ సరుకు.

డ్రమ్స్ గురించి ఈసారికి ఇంతే: ఒక్క తాళం. మధ్యలో ఫిల్స్ (తాళం నడుమ వేసే అలంకార దెబ్బలు) వద్దు. ట్రాన్సిల్వేనియన్ హంగర్‌లో దాదాపు మారని తాళం వింటే అర్థమవుతుంది. తాళం మారకపోతే చెవి దాన్ని వదిలేసి గిటార్ మీదికి పోతుంది, అక్కడ ఒక్క స్వరం కదిలినా గుండె కదులుతుంది. డ్రమ్ మెషీన్ వాడేవారు ప్రతి దెబ్బ బలాన్నీ ఒకేలా ఉంచవద్దు, చేయి అలసిపోయినట్టు క్రమంగా తగ్గించండి. మిగతాది ఆరో పాఠంలో.

అభ్యాసం కష్టమైనదే ఇస్తున్నాను. ఎ, సి, బి, జి షార్ప్ అనే నాలుగు స్వరాలు, ఒక్కొక్కటి నాలుగు ఆవర్తనాలు. నిమిషానికి 150 దెబ్బల వేగంలో, దెబ్బకు నాలుగు మీటులు. అంటే సెకనుకు పది. ఏడు నిమిషాలు ఆపకుండా వాయిస్తే 4,200 మీటులు. ఒక ముక్క వాయించి కంప్యూటర్‌లో నకలు చేసి అతికించవద్దు. ఐదో నిమిషం నుంచి మీ మణికట్టు బరువెక్కి మీటు అసమానమవుతుంది, ఆ అసమానతే నాకు కావాలి. నొప్పి పుడితే మాత్రం వెంటనే ఆపి, మర్నాడు మూడు నిమిషాలతో మొదలుపెట్టండి. అది పూర్తయ్యాక రెండో ట్రాకులో ఇ స్వరాన్ని మాత్రమే, ఒకే తీగ మీద, ఏడు నిమిషాలూ పట్టి ఉంచండి. పైన నాలుగు స్వరాలు మారుతుంటే ఆ ఒక్క ఇ ప్రతిసారీ వేరేలా వినిపిస్తుంది. జి షార్ప్ మీదికి వచ్చినప్పుడు ఏమనిపించిందో రెండు వాక్యాల్లో రాయండి.

రెండు ట్రాకులనూ విడివిడిగా పంపండి. కలిపినది పంపవద్దు, నేనే కలిపి వింటాను.