పడవ తాత దెయ్యం, రాకెట్ పిల్ల: నిద్రపుచ్చే కథ అల్లుకోవడం ఎలా

మాది సూళ్లూరుపేట. రాకెట్ వదిలే రోజు మేడెక్కితే చాలు, శ్రీహరికోట వైపు నుంచి నిప్పు పైకి పోవడం కనిపిస్తుంది. అలాంటి ఊరికి సెలవులకొచ్చిన మనవరాలు "అమ్మమ్మా, నేనూ అంతరిక్షంలోకి పోతా" అనడంలో వింతేముంది? నేను సైన్సు టీచర్ని కాను. అందుకని సాయానికి ఒక దెయ్యాన్ని పెట్టుకున్నాను. మీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఉంటే మీరూ పెట్టుకోండి.

ముందు ఆ దెయ్యం ఎవరో తేల్చుకోవాలి. మా దెయ్యం పులికాట్ సరస్సులో పడవ నడిపిన తాత. చుక్కలు చూసి దారి పట్టే మనిషి. శ్రీహరికోటకు రాకెట్లు రాకముందే పోయాడు. ఇది చాలా ముఖ్యం. సప్తర్షులు, అరుంధతి, వేగుచుక్క తాతకు కొట్టినపిండి, కానీ రాకెట్ అంటే ఏమిటో తెలీదు. చుక్కలు తాత చూపిస్తాడు, రాకెట్ సంగతి పాపే తాతకు చెప్పాలి. అన్నీ తెలిసిన దెయ్యాన్ని పెట్టారంటే పిల్ల రెండో రోజుకే ఆవలిస్తుంది.

ఇంకో షరతు, తాత ఏ వస్తువునూ పట్టుకోలేడు. అన్నీ చేతిలోంచి జారిపోతాయి. కాబట్టి ఏ ప్రయోగమైనా పాప చేతులతోనే జరగాలి.

భయం సంగతి కూడా చూసుకోవాలి. మా తాత గదిలోకి రాడు. కిటికీ అవతల అరుగు మీద కూర్చుని "రావచ్చా పాపా?" అని అడుగుతాడు. వద్దంటే ఆ రోజుకి వెళ్లిపోతాడు. కథ మంచి పట్టులో ఉందని మీరు బతిమాలకూడదు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, వెనక్కి తిరిగిన పాదాలు, ఇవేవీ వద్దు. గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు చాలు. (బీడీ కూడా ఉండేది, పిల్లల కథ కదా అని మాన్పించాను.)

ఇక అసలు పని, తాత చేత ప్రశ్న అడిగించడం. ఆ ప్రశ్న అతని పడవలోంచే రావాలి. "ఏంది పాపా, నేను తెడ్డుతో నీళ్లను వెనక్కి నెడితే పడవ ముందుకు పోద్ది. పైన నీళ్లూ లేవు, గాలీ లేదంటివి. మీ రాకెట్టు దేన్ని నెడతది?" ఇక్కడ కథ ఆపి దీపం తీసేయండి. జవాబు చెప్పొద్దు, పిల్ల ఎంత గునిసినా సరే.

మర్నాడు కిటికీ ఊచకు దారం కట్టి, స్ట్రా ఎక్కించి, రెండో కొసను బీరువా పిడికి బిగించండి. బెలూన్ ఊది, మూతి ముడి వేయకుండా వేళ్లతో నొక్కిపట్టమనండి. దాన్ని స్ట్రాకు టేపుతో అంటించి వదలమనండి. సర్రున పోతుంది. దారం వదులుగా ఉంటే సగంలో ఆగుతుంది, కంగారు పడకుండా దారం బిగించి మళ్లీ చేయించండి. బెలూన్ తనలోని గాలిని వెనక్కి తోసింది, ఆ గాలి దాన్ని ముందుకు తోసింది. బయట ఏమీ లేకపోయినా ఇది జరుగుతుంది.

రాత్రికి పాప ఇదంతా చెప్పగానే తాతకు తన పడవ గుర్తుకు రావాలి. పడవలో నిలబడి బరువైన మూటను ఒడ్డు మీదికి విసిరితే పడవ వెనక్కి జరిగేది కదా! రాకెట్ విసిరేది మూటల్ని కాదు, మండిన వాయువుని. మా పిల్ల మంచం మీద లేచి కూర్చుంది ఇక్కడే.

"వ్యోమగాములూ తాతలాగే తేలతారా?" అని తప్పకుండా అడుగుతారు. అక్కడ గురుత్వాకర్షణ ఉండదు అని చెప్పి తప్పించుకోకండి. అంతరిక్ష కేంద్రం తిరిగే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి ఇక్కడ లాగే దాంట్లో దాదాపు 90 శాతం బలంతో లాగుతూనే ఉంటుంది. కేంద్రమూ మనుషులూ కలిసి కింద పడుతూనే ఉంటారు. కాకపోతే గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతుంటారు కాబట్టి నేలను తాకరు. అందుకే తేలుతున్నట్టు ఉంటుంది. ఇది విని మా తాత "నేను పడకుండా తేలతా, వాళ్లు పడతా తేలతారా?" అని నోరెళ్లబెట్టాడు.

దెయ్యం కల్పితమే అయినా వెళ్లొచ్చిన మనుషుల పేర్లు మాత్రం నిజమైనవే చెప్పండి. 1984లో రాకేశ్ శర్మ, 2025లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చిన శుభాంశు శుక్లా. మా పిల్లకు కళ్లజోడుంది, దాని దిగులంతా అదే. అందుకే శిరీష బండ్ల గురించి చెప్పాను. ఆంధ్రలో పుట్టిన అమ్మాయి, చూపు సరిగా లేక పైలట్ దారి కుదరకపోతే ఇంజినీరింగ్ చదివి, 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ అనే సంస్థ వాహనంలో పైకి వెళ్లొచ్చింది.

వీలైతే ఒక్కసారైనా ప్రయోగం చూపించండి. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో సందర్శకుల గ్యాలరీ ఉంది, ఇస్రో ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచినప్పుడు పేరు నమోదు చేసుకోవాలి. దూరం నుంచి చూసేవాళ్లు వెలుగు కనబడ్డప్పటి నుంచి చప్పుడు వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టించి మూడుతో భాగిస్తే సుమారుగా ఎన్ని కిలోమీటర్లో తేలుతుంది. రాకెట్ లేని ఊళ్లో మెరుపూ ఉరుమూ సరిపోతాయి.

ప్రయోగం వాయిదా పడితే పిల్ల ఏడుస్తుంది. ఆ రాత్రికి వేరే కథ సిద్ధంగా ఉంచుకోండి. చంద్రయాన్-2ను 2019 జులై 15న ఇంకో 56 నిమిషాల్లో లేవాల్సి ఉండగా ఆపేశారు, 22న పంపారు. గాలి వాటం చూసుకోకుండా ఏ పడవా ఒడ్డు వదలదని తాత చేతే చెప్పించండి.