ఆగిపోయిన శాంపిల్ లైబ్రరీలను భద్రపరచుకోవడం ఎలా?

శాంపిల్ లైబ్రరీ అంటే వాయిద్యాల స్వరాలను రికార్డు చేసిన ఆడియో ఫైళ్ల సముదాయం, వాటిని కంప్యూటర్‌లో వాయిద్యంలా పలికిస్తారు. ఇలా పలికించే గిగాస్టూడియో అనే సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని టాస్కామ్ సంస్థ 2008లో నిలిపివేసింది. 2019లో వచ్చిన మాక్‌ఓఎస్ కేటలీనాలో 32 బిట్ ప్లగిన్‌లు (సంగీత సాఫ్ట్‌వేర్‌కు తగిలించే పాత తరహా వాయిద్యాలు, ఎఫెక్టులు) పనిచేయడం మానేశాయి. 2025 మే 20న లైసెన్స్‌లను సరిచూసే స్టైన్‌బర్గ్ సంస్థ ఈలైసెన్సర్ సేవ ముగిసింది. ఈ మూడు సందర్భాల్లోనూ ఆడియో ఫైళ్లకు ఏమీ కాలేదు, వాటిని పలికించే ఆధారమే పోయింది. అందువల్ల స్వరకర్తలు ఫైళ్లతో పాటు ఆ ఆధారాన్ని కూడా దాచుకోవాలి.

ముందుగా, పాత ప్రాజెక్టులను తెరిచి, ఆగిపోయిన వాయిద్యం వాడిన ప్రతి ట్రాక్‌నూ ఎఫెక్టులతో ఒకసారి, ఎఫెక్టులు లేకుండా ఒకసారి 24 బిట్ వేవ్ (కుదించని ఆడియో) ఫైలుగా తీసి, మిడీ ఫైలునూ (ఏ స్వరం ఎప్పుడు, ఎంత బలంగా పలకాలో చెప్పేది) టెంపో వివరాలనూ దానితోపాటే ఉంచండి. ఒక్క పనికే సమయం ఉంటే ఇదే చేయండి. లైబ్రరీ పోయినా మీ సంగీతం మిగులుతుంది.

తర్వాత ఇన్‌స్టాలర్, చివరి అప్‌డేట్, సీరియల్ నంబరు, రసీదు, మాన్యువల్, లైసెన్స్ ఒప్పందాలను డౌన్‌లోడ్ పేజీ ఉండగానే ఒకచోట చేర్చండి. అకాయ్ సంస్థ శాంప్లర్ల (శాంపిళ్లను వాయించే పరికరాల) కోసం వచ్చిన సీడీల ఫైల్ వ్యవస్థను విండోస్ చదవలేదు కనుక డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే యథాతథమైన ఒకే ఫైలుగా తీయాలి.

అసలు జాగ్రత్త మ్యాపింగ్ దగ్గర అవసరం. ఏ కీకి ఏ శాంపిల్ పలకాలి, ఎంత వెలాసిటీకి (కీని నొక్కే బలానికి) ఏ లేయర్ రావాలి, లూప్ ఎక్కడ తిరగాలి అన్న సమాచారం లేకపోతే వేల వేవ్ ఫైళ్లు ఉన్నా వాయిద్యం లేనట్టే. ఎన్‌క్రిప్షన్ లేని లైబ్రరీకి, లైసెన్స్ అనుమతిస్తే, నకలు ప్రతి మీద మాత్రమే పనిచేస్తూ ఎస్ఎఫ్‌జెడ్ అనే ఫైల్ పద్ధతిలో మ్యాపింగ్ తయారుచేసుకోండి. అది సాదా టెక్స్ట్ కాబట్టి ఏ ఎడిటర్‌లోనైనా చదవవచ్చు. గిగాస్టూడియో ఫైళ్లనైతే లైనక్స్‌శాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ నేరుగా వాయిస్తుంది. లూప్ బిందువులు, మూలస్వరం చాలాసార్లు వేవ్ ఫైలు లోపలే ఉంటాయి, మామూలుగా ఫ్లాక్ అనే (నాణ్యత తగ్గించని) ఫార్మాట్‌లోకి కుదిస్తే అవి పోవచ్చు. డిస్కులో చోటు ఉన్నంతవరకు వేవ్‌గానే ఉంచడం మేలని నా అభిప్రాయం.

లైసెన్స్ తాళం ఉన్న లైబ్రరీలకు, అవి ఇప్పటికే పనిచేస్తున్న కంప్యూటర్‌ను అప్‌డేట్ చేయకుండా, ఇంటర్నెట్‌కు దూరంగా, డాంగిల్‌తో (లైసెన్స్ ఉండే యూఎస్‌బీ పరికరంతో) సహా అలాగే ఉంచడమే మార్గం. దాని డిస్క్ ఇమేజ్‌ను కూడా తీసి పెట్టండి.

మొత్తాన్ని మూడు ప్రతులుగా, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊరిలో ఉండేలా దాచండి. ఈ ప్రతులు మీ సొంత వాడకానికే. ఇతరులకు పంచడాన్ని దాదాపు ప్రతి ఒప్పందమూ నిషేధిస్తుంది. ప్రతి ఫైలుకూ షా-256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తెలిపే గుర్తు) రాసిపెట్టి, ఏడాదికొకసారి సరిచూసి, ఒక్కో వాయిద్యాన్నీ తెరిచి కింది కీ నుంచి పై కీ దాకా వాయించి చూడండి.