ఇంటి కరెంటు పాఠాలు – 4: నల్ల ఫ్యాన్ కొనే ముందు

పోయిన పాఠం చివర ఇంటిపని ఇచ్చాను. గది పొడవు, వెడల్పు, నేల నుంచి శ్లాబు దాకా ఎత్తు, లైట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఇవన్నీ ఒక కాగితం మీద గీసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. గీయనివాళ్లు ఇప్పుడే టేపు తీసుకుని లేవండి. పది నిమిషాల పని.

సైజు సంగతి మూడో పాఠంలో తేల్చుకున్నాం. 10×12 అడుగుల పడకగదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్ చాలు. షాపులో దాన్నే 48 అంగుళాలది అంటారు. చిన్న గదికి 900 సరిపోతుంది. బాగా పొడుగు హాలైతే ఒక పెద్ద ఫ్యాన్ కంటే రెండు 1200లు మేలు. ఇవాళ రంగు గురించి, అందులోనూ నలుపు గురించి మాట్లాడుకుందాం. ఈ పాఠాలు చదివేవాళ్లలో చాలామంది అడుగుతున్న రంగు అదే.

రంగుకి ఒక పాఠం ఎందుకు? తెల్ల ఫ్యాన్ తెల్ల శ్లాబులో కలిసిపోతుంది, ఎంపికలో చిన్న తప్పు దొర్లినా ఎవరి కంటా పడదు. నల్ల ఫ్యాన్‌కి ఆ వెసులుబాటు లేదు. లైటు తప్పు చోట ఉన్నా, రాడ్డు రంగు కలవకపోయినా, పక్క ఫ్యాన్ వేరే రంగులో ఉన్నా అన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. షాపులో ఆ ఫ్యాన్ వంద బల్బుల వెలుతురులో, వరసగా పాతిక ఫ్యాన్ల మధ్య వేలాడుతుంటుంది. అక్కడ అందంగా కనిపించినంత మాత్రాన మన గదిలో అలాగే ఉంటుందని నమ్మలేం. అందుకే నల్ల ఫ్యాన్ ఎంపిక మన గదిలో, తల పైకెత్తి చూడటంతో మొదలుపెట్టాలి.

పైకప్పు ఎలా ఉంది?

ముందు ఒక భయం తీర్చుకుందాం. నల్ల ఫ్యాన్ పెడితే గది చీకటి అవుతుందేమోనని చాలామందికి అనుమానం. లెక్క వేద్దాం. 1200 ఫ్యాన్‌లో ఒక్కో రెక్క సుమారు ముప్పావు చదరపు అడుగు ఉంటుంది. మూడు రెక్కలూ కలిపి రెండుంపావు. 10×12 గది పైకప్పు 120 చదరపు అడుగులు. అంటే నూటికి రెండు వంతులే నలుపు. గది చీకటి అయ్యే మాటే లేదు.

ఇంకో విషయం. తిరుగుతున్నప్పుడు నల్ల ఫ్యాన్ నల్లగా కనిపించదు! రెక్కలు చుట్టే వలయం నాలుగు అడుగుల వెడల్పు, అంటే పన్నెండున్నర చదరపు అడుగులు. అందులో రెక్కలు నిండేది ఐదో వంతు కంటే తక్కువ. అందుకని ఫ్యాన్ వేగం అందుకోగానే మధ్యలో నల్ల మోటారు, దాని చుట్టూ పల్చటి బూడిద రంగు పొగలాంటిది మాత్రమే కంటికి తెలుస్తుంది. మన ఎండాకాలంలో ఫ్యాన్ రోజంతా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎక్కువ సేపు మీరు చూసేది ఆ బూడిద వలయాన్నే. అసలు నలుపు కనిపించేది ఫ్యాన్ ఆపినప్పుడు, చలికాలంలో.

పైకప్పు ఎత్తు తొమ్మిదిన్నర, పది అడుగులుంటే నలుపుకి ఇబ్బంది లేదు. ఫాల్స్ సీలింగ్ వేశాక ఎత్తు తొమ్మిదికి లోపు పడిపోతే మాత్రం నేనైతే వద్దంటాను. తెల్ల కప్పు మీద నల్ల వస్తువు కిందికి దిగినట్టు అనిపిస్తుంది, ఎత్తు తక్కువ గదిలో అది నెత్తిమీద ఉన్నట్టే ఉంటుంది. రంగు ఏదైనా రెక్కలకీ నేలకీ మధ్య ఎనిమిది అడుగులు, రెక్కలకీ పైకప్పుకీ మధ్య కనీసం ఒక అడుగు ఉండాలి. పైన ఖాళీ తగ్గితే ఫ్యాన్‌కి లాక్కోవడానికి గాలి అందదు.

నలుపు నిజంగా అందం తెచ్చేది కర్ర కప్పు ఉన్న ఇళ్లలో. గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్లు, పెంకుటిళ్లు, టేకు దూలాల మీద వేసిన పాత మిద్దెలు చూడండి. ఏళ్ల తరబడి నూనె పట్టించిన దూలాలు, వాసాలు ముదురు గోధుమ రంగుకి, నలుపుకి తిరిగి ఉంటాయి. అక్కడ తెల్ల ఫ్యాన్ పెడితే ఇంటికి సంబంధం లేని వస్తువులా వేలాడుతుంది. మెరుపు లేని నలుపు, అంటే మ్యాట్ నలుపు పెడితే దూలంలో ఒక భాగంలా ఇమిడిపోతుంది. అలాంటి ఇల్లు ఉన్నవాళ్లు తాతలనాటి కప్పుని ప్లాస్టర్ సీలింగ్‌తో మూసేయకండి, దయచేసి. ఆ కప్పు ఎత్తుగా ఉంటుంది కనుక పొడుగు రాడ్డు కావాలి. కొక్కెం బిగించే దూలం గట్టిగా ఉందో లేదో, చెద తిన్నదో ముందు వడ్రంగికి చూపించండి.

లైటు ఎక్కడుంది?

ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే గుర్తుపెట్టుకోండి. మా హాల్లో ఫాల్స్ సీలింగ్ ఉంది. ఫ్యాన్ చుట్టూ నాలుగు చిన్న ఎల్‌ఈడీ లైట్లు, ఫ్యాన్ మధ్య నుంచి అడుగున్నర దూరంలో. తెల్ల ఫ్యాన్ తీసి నల్లది పెట్టించాను, చూడటానికి చాలా నచ్చింది. వారం తిరక్కుండా మా చెల్లెలి కూతురు అంది: "పెద్దమ్మా, ఇక్కడ కూర్చుని చదివితే కళ్లు లాగేస్తున్నాయి." పదో తరగతి పిల్ల, రాత్రిపూట ఆ ఫ్యాన్ కిందే చదువుకునేది. పరీక్షల టెన్షన్ అనుకున్నాను. రెండు రోజుల తర్వాత నేను అదే చోట పుస్తకం పట్టుకుని కూర్చున్నాక గాని అసలు కారణం తెలియలేదు. కాగితం మీద వెలుతురు వణుకుతోంది.

ఎందుకలా జరిగింది? ఫ్యాన్ ఫుల్ స్పీడులో నిమిషానికి 380 చుట్లు తిరుగుతుందనుకోండి. మూడు రెక్కలు కాబట్టి లైటు ముందు నుంచి నిమిషానికి 1140 సార్లు, సెకనుకి 19 సార్లు ఒక రెక్క అడ్డం వస్తుంది. ఆ మినుకు కంటికి తెలిసే వేగంలోనే ఉంది. తెల్ల రెక్క అయినా అడ్డం వస్తుంది కదా అంటారేమో. వస్తుంది, కానీ తెల్ల రెక్క అడుగుభాగం గది వెలుతురు తగిలి తానూ కొంత మెరుస్తుంది, అందువల్ల తేడా తగ్గుతుంది. నల్ల రెక్క ఆ వెలుతురుని మింగేస్తుంది. వెలుగు, నలుపు, వెలుగు, నలుపు అని కంటికి కొట్టినట్టు ఉంటుంది.

కాబట్టి మీ కాగితం తీసి చూడండి. లైట్లు రెక్కల కంటే పైన ఉన్నాయా? ఉంటే, ఫ్యాన్ మధ్య నుంచి ఎంత దూరం? 1200 ఫ్యాన్ రెక్క కొస రెండు అడుగుల దూరంలో ఉంటుంది. లైటు వెలుతురు కిందికి వచ్చే కొద్దీ విచ్చుకుంటుంది కనుక మూడు నాలుగు అడుగుల దూరం లేకపోతే రెక్కలు దాన్ని కోస్తూనే ఉంటాయి. గోడకి ఏడడుగుల ఎత్తులో ట్యూబ్‌లైట్ ఉంటే ఈ బాధ లేదు. దాని వెలుతురుకి రెక్కల నీడ పైకప్పు మీద పడుతుంది తప్ప పుస్తకం మీద పడదు. నేను చేసింది అదే. ఫ్యాన్ దగ్గరి లైట్లు ఆపేసి గోడకి ట్యూబ్‌లైట్ పెట్టించాను, ఫ్యాన్ అలాగే ఉంది. మీరు లైట్లు మార్చలేని పరిస్థితిలో, అద్దె ఇంట్లో ఉంటే, పిల్లలు చదువుకునే గదికి నలుపు వద్దు.

మ్యాటా, మెరుపా?

నల్ల ఫ్యాన్ మీద దుమ్ము కనిపించదని షాపుల్లో చెబుతారు. అది సరి కాదు. మన దుమ్ము లేత రంగుది. తెల్ల ఫ్యాన్ మీద అది మురికి గీతలా కనిపిస్తే, నల్ల ఫ్యాన్ మీద పిండి చల్లినట్టు కనిపిస్తుంది, ముఖ్యంగా గాలిని చీల్చే ముందంచున. దుమ్ము దాచాలనుకునేవాళ్లకి గోధుమ రంగే మంచిది.

మెరిసే నలుపులో లైట్ల తళుకు కదులుతూ ఉంటుంది, ప్రతి గీతా తెలుస్తుంది. మ్యాట్ నలుపు ప్రశాంతంగా ఉంటుంది, నా ఓటు దానికే. కానీ మ్యాట్ మీద జిడ్డు చేతి ముద్రలు నిలిచిపోతాయి. గరుకు పీచుతో రుద్దితే అక్కడ మచ్చలా మెరుపు తేలుతుంది, అది మళ్లీ పోదు. పాత దిండు గలీబు రెక్కకి తొడిగి మెల్లగా లాగండి. దుమ్మంతా గలీబులోకి పోతుంది, మంచం మీద రాలదు. తర్వాత తడి గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ. రెక్కను కిందికి నొక్కకండి, వంగితే ఫ్యాన్ ఊగుతుంది. వంటింటి పక్కన, రోజూ పోపు పొగ తగిలే చోట, మ్యాట్ నలుపు పెట్టకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లవాళ్లు స్క్రూల దగ్గర, రెక్క బిగించే పట్టీల దగ్గర పెయింటు సరిగ్గా పట్టిందో లేదో వేలితో తడిమి చూడండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.

వేడి గురించి ఒక మాట. నల్ల గుడ్డ ఎండలో వేడెక్కుతుంది కాబట్టి నల్ల ఫ్యాన్ వేడిగాలి ఇస్తుందని మా అమ్మ కూడా అంది. గదిలో రెక్కల మీద ఎండ పడదు. పై అంతస్తులో మే నెల మధ్యాహ్నం వచ్చే వేడిగాలి శ్లాబుది. ఫ్యాన్ ఏ రంగుదైనా కప్పు కింద నిలిచిన వేడినే కిందికి తోస్తుంది.

లేబుల్

రంగు నచ్చిందని గాలి మర్చిపోవద్దు. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి. ఫ్యాన్ నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి ఇస్తుందో, ఎన్ని వాట్లు తింటుందో ఈ రెండు అంకెలు చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సర్వీస్ వాల్యూ వస్తుంది, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది. 1200 ఫ్యాన్‌కి గాలి 210 దాటాలి. నల్ల రంగు ఎక్కువగా డిజైన్ ఫ్యాన్లలో దొరుకుతుంది. వాటిలో నాలుగైదు రెక్కలవి చూడటానికి బాగున్నా కొన్నిట్లో గాలి తక్కువ, అందుకే ఈ అంకె అడగాలి. ఐఎస్‌ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 374 అనే నంబరు కూడా ఉండాలి.

ఇళ్లలో ఏళ్లుగా తిరుగుతున్న పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది, 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకి 15 గంటలు ఫుల్ స్పీడులో తిప్పితే నెలకి పాతది 34 యూనిట్లు, కొత్తది పదమూడున్నర. ఒక్క ఫ్యాన్ మీద ఇరవై యూనిట్లు. మన కరెంటు బిల్లు శ్లాబుల్లో, అంటే యూనిట్లు పెరిగే కొద్దీ రేటు పెరిగే మెట్లలో నడుస్తుంది కనుక మూడు ఫ్యాన్లు మారిస్తే పై శ్లాబు తప్పే అవకాశం కూడా ఉంది. పల్లెల్లో రాత్రిపూట ఓల్టేజి పడిపోయినా దీని వేగం అంతగా తగ్గదు. అయితే బీఎల్‌డీసీకి గోడ రెగ్యులేటర్ వాడకూడదు, ఎలక్ట్రీషియన్‌తో దాన్ని తప్పించి నేరుగా కలిపించండి.

షాపులో అడగాల్సింది

హైదరాబాద్‌లోవాళ్లు ట్రూప్ బజార్‌కి వెళ్లినా, ఊళ్లో షాపుకే వెళ్లినా మొదటి ప్రశ్న ఇది: "అన్నా, దీనికి ఒకటిన్నర అడుగుల నల్ల రాడ్డు ఉందా?" ఫ్యాన్‌తో వచ్చే రాడ్డు చాలావాటికి ఒక అడుగులోపే ఉంటుంది. ఫ్యాన్‌ని శ్లాబులోని కొక్కేనికే తగిలించాలి, ఫాల్స్ సీలింగ్‌కి కాదు. మధ్యలో సీలింగ్ ఎనిమిది అంగుళాలు తినేస్తే ఆ రాడ్డు చాలదు. పొడుగు రాడ్లు తెలుపులో, గోధుమ రంగులో సులువుగా దొరుకుతాయి, నలుపులో దొరకడం కష్టం. స్ప్రే కొట్టి ఇస్తామంటారు, ఆ నలుపు ఫ్యాన్ నలుపుతో కలవదు. ముందు రాడ్డు, తర్వాతే బిల్లు. రాడ్డుకి పైనా కిందా మూసే గిన్నెలు కూడా నల్లవేనా అని పెట్టె తెరిపించి చూడండి.

హాలు, డైనింగు కలిసి ఉన్న ఇంట్లో రెండు ఫ్యాన్లు ఒకేసారి కంట పడతాయి. రెండూ ఒకే రోజు, ఒకే మోడల్ కొనండి. ఒక్కో కంపెనీ నలుపు ఒక్కోలా ఉంటుంది, ఒకటి నీలం వైపు, ఒకటి గోధుమ వైపు. ఫోన్‌లో ఫొటో చూసి ఆ తేడా పట్టుకోలేం.

ఇంట్లో పెద్దవాళ్లకి నలుపు ఇష్టం లేకపోతే కొనకముందే మాట్లాడండి. మా అమ్మ పూజగదికి ఎదురుగా ఉన్న ఫ్యాన్ మాత్రం తెల్లదే ఉండాలంది. అక్కడ తెల్లదే ఉంచాం. రోజూ ఆ ఇంట్లో ఉండే మనిషి తలెత్తినప్పుడల్లా మనసు చివుక్కుమనే వస్తువు ఎందుకు?

ఈ వారం ఇంటిపని

నాలుగు నల్ల చార్ట్ కాగితాలు కొనండి. ఎంసీబీ (మీటరు దగ్గరి బోర్డులో కరెంటు ఆపే స్విచ్) ఆపేసి, స్టూలు పట్టుకోవడానికి ఒకరిని పెట్టుకుని, ఇప్పుడున్న ఫ్యాన్ రెక్కల కొలతకి కాగితం కత్తిరించి అడుగున టేపుతో అంటించండి. నాలుగో కాగితం మోటారుకి. లైట్ల కోసం ఎంసీబీ వేసినా, రెండు రోజులు ఫ్యాన్ స్విచ్ మాత్రం వేయకుండా అలాగే ఉంచండి, ఎండ తగ్గిన రోజులు చూసుకుని. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్లు వేశాక, మీరు రోజూ కూర్చునే చోటు నుంచి, పడుకునే చోటు నుంచి చూడండి. ఇంట్లో ప్రతి ఒక్కరినీ అడిగి వాళ్లన్నది గది బొమ్మ వెనకే రాసుకోండి. అయిదో పాఠంలో కొక్కెం, పిన్ను, సేఫ్టీ వైరు, ఊగుడు సరిచేయడం చూద్దాం, అప్పటికి ఆ కాగితం కావాలి. రెక్కలకి అంటించినవి మాత్రం, మళ్లీ ఎంసీబీ ఆపి, టేపుతో సహా పూర్తిగా తీసేశాకే ఫ్యాన్ స్విచ్ వేయండి.