కాలి నరాల ఉబ్బు (వేరికోస్ వెయిన్స్): లేజరా, ఆర్‌ఎఫా?

20 ఏళ్లు బోర్డు ముందు నిలబడ్డాక ఎడమ పిక్క మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. సాయంత్రానికి చీలమండ దగ్గర సాక్సు గీత లోతుగా పడేది. తొడ లోపలి పెద్ద సిరలో కవాటాలు సరిగ్గా మూసుకోవట్లేదని డాప్లర్ స్కాన్‌లో తేలింది.

చికిత్సకు లేజరా, ఆర్‌ఎఫా (రేడియోఫ్రీక్వెన్సీ) అని వారం టెన్షన్. రెండూ సిరను వేడితో లోపల్నుంచి మూసేవే. ఫలితంలో పెద్ద తేడా లేదు. పాత 810, 980 నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యం) లేజర్లతో నొప్పి, కమిలిన మచ్చలు ఎక్కువట. 1470 నానోమీటర్ల లేజర్, కాంతిని చుట్టూ చిమ్మే రేడియల్ ఫైబర్ వచ్చాక అవి బాగా తగ్గాయి.

నేను ఆర్‌ఎఫ్‌కే వెళ్లా. 120 డిగ్రీలు, 7 సెంటీమీటర్ల సిర ముక్కకు 20 సెకన్లు. వేడి అసలు తెలియలేదు. సిర చుట్టూ మత్తు నీళ్లు ఎక్కించే సూదులే, అబ్బో! ఆ గంటలోనే నడిపించారు. పది రోజులు తొడలో తీగ లాగినట్టుండేది. అసలు కుస్తీ ఆ తర్వాత వేసుకునే బిగుతు మేజోళ్లతోనే. పాదానికి పాలిథిన్ కవర్ తొడిగితే మేజోడు జారి ఎక్కింది. మేజోడు వేళ్ల దగ్గర తెరిచే ఉంటుంది కాబట్టి కవర్ అక్కణ్నుంచి లాగేశా.