మిక్సింగ్‌కి ట్రాక్‌లు పంపే ముందు

దూరంగా ఉన్న ఇంజనీర్‌కి పాట పంపేటప్పుడు ఎక్కువగా పాడయ్యేది టైమింగ్. పల్లవిలో ఒక్కచోటే మోగే వేణువైనా సరే, ఆ ముక్కనొక్కదాన్నే కత్తిరించి పంపకండి. ప్రతి ట్రాక్‌నీ (ఒక్కో గొంతు, వాద్యం విడి రికార్డింగ్) పాట మొదటి బార్ నుంచే ఎక్స్‌పోర్ట్ చేయండి, మధ్యలో నిశ్శబ్దం ఉన్నా ఫర్వాలేదు. అవతల అన్నీ సున్నా దగ్గర పెడితే వాటంతటవే కలిసిపోతాయి.

ఫార్మాట్ 24 బిట్ వేవ్. శాంపిల్ రేట్ (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ సంఖ్య) సెషన్‌లో ఏదుంటే అదే, 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసినదాన్ని 48కి పెంచితే కొత్తగా వచ్చే నాణ్యతేమీ లేదు. నార్మలైజ్ (ప్రతి ఫైల్ శబ్దాన్నీ గరిష్ఠ స్థాయికి తెచ్చే ఆప్షన్) ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే మీరు కుదుర్చుకున్న బ్యాలెన్స్ మొత్తం పోతుంది. ఒకే మైక్‌తో తీసిన గొంతు, తబలా మోనోలోనే, అంటే ఒకే చానెల్‌లో పంపాలి.

గొంతు మీద రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని), కంప్రెషన్ (హెచ్చుతగ్గుల్ని తగ్గించే ఎఫెక్ట్) తీసేయండి, ఒకసారి అతుక్కుపోయాక ఎవరూ విడదీయలేరు. కానీ పాట స్వభావమే డిలే (శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే ఎఫెక్ట్) లాంటిదాంట్లో ఉందనుకుంటే, ఎఫెక్ట్ ఉన్న ఫైల్‌ని విడిగా, పేరులో ఆ మాట రాసి జతచేయండి. పిచ్ సరిచేయడం ఎవరి పనో ముందే మాట్లాడుకోవాలి, చాలా గొడవలు ఇక్కడే.

ఫోల్డర్‌లో మీ రఫ్ మిక్స్ (మీరు చేసుకున్న నమూనా మిక్స్), టెంపో, శ్రుతి, సాహిత్యం తప్పనిసరి. ‘ఆడియో 37’ లాంటి పేర్లు వద్దు, ‘కోరస్ ఎడమ’ అని రాయండి.

మాస్టరింగ్‌కి (మిక్స్ అయిన పాటకి చివరి మెరుగుదల) మాత్రమే పంపుతుంటే మాస్టర్ బస్ (ట్రాక్‌లన్నీ కలిసే చివరి చానెల్) మీది లిమిటర్ (శబ్దం ఓ స్థాయి దాటకుండా ఆపేది) తీసేసి, పీక్‌లు, అంటే అతి పెద్ద శబ్దాలు, -6 డీబీ దరిదాపుల్లో ఉంచండి. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఫైళ్లన్నీ ఖాళీ ప్రాజెక్ట్‌లో వేసి, చివరిదాకా విన్నాకే లింక్ పంపండి.